తట్టకో పాఠం

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు కింద ఉన్న హాల్లో ఎవరో కుర్రవాడు ఉపన్యాసం చెప్పాడు. లక్ష్యాలు పెట్టుకోవడం ఎలా, పట్టుదల సడలకుండా రోజును ఎలా సర్దుకోవాలి అన్నది విషయం. నాకు వాటితో ఏం పని చెప్పండి, రిటైరై ఏడేళ్ళయింది, ఇక నేను సర్దుకోవలసింది మందుల డబ్బా ఒక్కటే. కానీ మా మనవరాలు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పోనీలే, పిల్ల సరదా అని ముందు వరసలో కూర్చున్నాను. ఆ అబ్బాయి బాగానే మాట్లాడాడు, కాదనను. తెల్ల చొక్కా, చెవి దగ్గర మైకు, గోడ మీద బొమ్మలు. చివరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి పైకెత్తి, గెలిచినవాడికైనా ఓడినవాడికైనా దేవుడిచ్చింది ఇరవై నాలుగు గంటలే, టైము లేదనేది సోమరిపోతుల మాట, అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. మా మనవరాలూ కొట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

లేచి వచ్చేశాను. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఊరికే పంచుతున్న పుస్తకం ఒకటి నా చేతిలోనూ పెట్టారు. రోజుకో పేజీ. పైన నేటి లక్ష్యం, మధ్యలో నేడు చేయవలసినవి, అడుగున ఒక గీత మీద రేపటికి మిగిలినవి. ఇంటికొచ్చాక మనవరాలు మూతి ముడుచుకుని, ఆయన తప్పేమన్నాడు అమ్మమ్మా అని అడిగింది. కోపంలో నాకు మాటలు రావు, తర్వాత వస్తాయి. ఇప్పుడు వస్తున్నాయి. నా వయసు వాళ్ళు, నాలాగే ఎర్రటి ఎండలో కల్లాల్లో కూర్చున్నవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

మాది అద్దంకికి అటువైపున ఒక ఊరు. నాలుగెకరాల పొలం, సగం పత్తి, సగం మిరప. పంతొమ్మిది వందల ఎనభై దాటిన తొలి సంవత్సరాల సంగతి ఇది. ఎనిమిదో తరగతితో నా చదువు ఆపేశారు, హైస్కూలు మూడు మైళ్ళ దూరంలో ఉందని, ఆడపిల్ల అంత దూరం నడవదని. పత్తి తీతకు మాత్రం అంతకంటే దూరపు చేలకు నడిపించేవారు, ఆ నడక ఎవరికీ కనపడలేదు. అన్నయ్య అప్పటికి డిగ్రీ అయి, బ్యాంకు ఉద్యోగం పరీక్షలకు చదువుతున్నాడు. వాడు చదువుతుంటే మా ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలి. ముందు గది వాడిది. టేబుల్ ఫ్యాను వాడిది. వాడు పుస్తకం తెరిస్తే అమ్మ రోట్లో పచ్చడి నూరడం ఆపేసేది, నాన్న రేడియో కట్టేసేవాడు, నేను చెంబుతో నీళ్ళు పెట్టి పిల్లిలా బయటికి వచ్చేదాన్ని. వాడి ఇరవై నాలుగు గంటల్లో అమ్మవి నాలుగు, నావి మూడు కలిసి ఉండేవి. ఆ ఉపన్యాసం అబ్బాయి ఈ కూడికలు ఎక్కడా చెప్పలేదే!

నాకేం కావాలో నాకు స్పష్టంగా తెలుసు. మా ఊరి బడికి ఒక పంతులమ్మగారు బస్సులో వచ్చేవారు. ఎడమ చేతికి గడియారం, కుడి చేతిలో గొడుగు. ఆవిడ రోడ్డు మీద నడిచి వస్తుంటే ఎవరూ ఆపి, అమ్మాయ్ ఆ గేదెను కాస్త అటు కట్టేసి పో అనేవారు కాదు. నేను ఆవిడ కావాలి. అందుకు ముందు పదో తరగతి ప్రైవేటుగా కట్టాలి. నాన్న మూడు నెలలు ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. చివరికి, ఇంట్లో పని ఆగకుండా చదువుకుంటే చదువుకో అన్నాడు. ఆ మాటకు నేను సంతోషించాను కూడా. పిచ్చిదాన్ని.

అన్నయ్యను చూసి నేనూ ఒక టైము టేబుల్ రాసుకున్నాను. ఐదు నుంచి ఆరు లెక్కలు, ఆరు నుంచి ఏడు సామాన్యశాస్త్రం అని గళ్ళు గీసి, గాదె గది తలుపు వెనక అన్నం మెతుకులతో అతికించాను. మూడు రోజులు కూడా నడవలేదు. ఐదింటికి పేడ, ఐదున్నరకు నీళ్ళు, ఆరింటికి అన్నయ్య కాఫీ. ఆ కాగితం మీద ఉన్న గంటల్లో ఒక్కటీ నాది కాదు, అన్నీ ఎవరివో. అన్నయ్య ఆ కాగితం చూసి నవ్వి, టైము టేబుల్ వేసుకుంటే సరా, పాటించాలి అన్నాడు. నేను పెట్టిన కాఫీ తాగుతూ అన్నాడు ఆ మాట.

అప్పుడు తట్టల ఆలోచన వచ్చింది. మిరపకాయలు ఎండాక మా ఇంటి పక్క కల్లంలో కుప్ప చుట్టూ ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని, ముక్కుకు పైట కొంగు చుట్టుకుని, తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పారేసి ఎర్రకాయలు తట్టలోకి వేస్తారు. మీకు తెలియనిదా, తుమ్ములూ దగ్గులూ, చేతులు నిప్పుల్లా మంట. తట్ట నిండితే లేచి పట్టా మీద కుమ్మరించి వచ్చి కూర్చోవాలి. ఆ తట్ట నిండేంతసేపు ఒకటి మాత్రం ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కోలేరు, అది నా తలకాయ. అందుకని పాఠాన్ని ముక్కలు చేసి, కాగితపు చీటీల మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, ఒక చీటీ మోకాలి ముందు చిన్న రాయి కింద పెట్టుకునేదాన్ని. చెయ్యి ఏరుతూ ఉండాలి, కన్ను ఒకసారి చీటీ మీదికీ ఒకసారి కాయల మీదికీ. తట్ట నిండేలోగా ఆ చీటీ రావాలి. లేచి కుమ్మరించి వచ్చేటప్పుడు చూడకుండా పైకి చెప్పాలి. రాకపోతే అదే చీటీ మళ్ళీ. గంటల్లేవు, గడియారం లేదు. తట్టకో పాఠం, అంతే. రోజుకు ఎనిమిది, తొమ్మిది తట్టలు నిండేవి.

ఇందులో నేను అనుకోని సంగతి, వరసంతా వింటున్నదని. నా పక్కన కూర్చునే ఆమెను అందరూ సాయిబుల పిన్ని అనేవారు, నేను ఉట్టి పిన్నీ అనేదాన్ని. భర్త లేడు, ఒక్కతే కూతురు, ఆ పిల్లకు సింగరాయకొండలో పెళ్ళి చేసి పంపింది. ఏటా మా కల్లంలో పనికి వచ్చేది. ఒక్క అక్షరం ముక్క రాదు. కానీ ఏం జ్ఞాపకశక్తి అమ్మా ఆవిడది! పొద్దున నేను పైకి చెప్పింది సాయంత్రానికి అక్షరం పొల్లు పోకుండా అప్పగించేది. నాలుగో రోజుకల్లా మా మేస్త్రి ఆవిడే అయింది. నిన్నటి గుండెకాయ పాఠం చెప్పు అమ్మాయ్ అనేది. నేను నాలుగు గదులని మొదలుపెట్టి ఎక్కడో తడబడితే, ఆఁ, ఆగాగు, చెడు రక్తం కుడివైపు గదా, ఎడం వైపుకి తోలుతావేంది అనేది. వరసంతా నవ్వేది. ఒకరోజు వాన ఎలా పడుతుందన్న దాని మీద ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేదాకా వచ్చారు, సముద్రంలో నీళ్ళు ఉప్పన అయితే వాన నీళ్ళు చప్పన ఎందుకున్నాయని. ఆ తగువు తీర్చడానికి నేను ఆవిరి పాఠం మూడు తట్టలు చెప్పాను. నేను జన్మలో మళ్ళీ ఆ పాఠం మరవలేదు.

మొదటిసారి పరీక్ష మార్చిలో అద్దంకిలో పడింది. మొదటి రెండు రోజులూ బాగానే రాశాను. మూడోనాడు ఇంగ్లీషు. పొద్దున్నే పడమటి వైపు మబ్బు లేచింది. కల్లంలో ఆరబోసిన కాయ మీద చినుకు పడితే ఏమవుతుందో మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఏడాది కష్టం నల్లబడిపోతుంది. నాన్న కేకలు పెట్టాడు. అమ్మ, నేను, పనివాళ్ళు అందరం పరుగెత్తి కాయ కుప్పకు ఎత్తి పట్టాలు కప్పాం. అందరం అన్నానే, అన్నయ్య తప్ప. వాడిని పిలవమని నేనంటే అమ్మ నోటి మీద వేలేసుకుంది. వాడికి వచ్చే నెలలో పరీక్ష ఉందే, కదపకు అంది. వచ్చే నెలలో! నా పరీక్ష ఇంకో రెండు గంటల్లో ఉంది.

బస్సు పోతుందన్న భయంతో చేతులు తుడుచుకుని పరుగెత్తాను. బస్సులో నిలబడే చోటు లేదు, చెమట కళ్ళలోకి కారుతుంటే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చేత్తో తుడుచుకున్నాను. అంతే. మిరప చేతికి నూనె రాయాలి, లేదా మజ్జిగతో కడగాలి, నీళ్ళు పెడితే మంట ఇంకా పాకుతుంది. ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకూ తెలుసు. నాకూ తెలుసు. కానీ కంగారులో పరీక్ష బడి కుళాయి దగ్గర ఆ చేతులతోనే దోసిళ్ళకొద్దీ నీళ్ళు పట్టి కళ్ళలో కొట్టుకున్నాను. మూడు గంటలసేపు కళ్ళు సరిగ్గా తెరవలేకపోయాను. ప్రశ్నపత్రం మీద అక్షరాలన్నీ కలిసిపోయి ఎర్రటి మచ్చలా కనపడ్డాయి. కాగితం మీద నా కన్నీళ్ళు పడి సిరా అలుక్కుపోయింది. హాల్లో తిరిగే మాస్టారు చదువుకోకుండా వచ్చి ఏడుస్తున్నాననుకుని, ఏడుస్తూ కూర్చుంటే మార్కులు రావమ్మా అన్నారు.

ఇంగ్లీషు తప్పాను. అమ్మ పోనీలే అంది, అన్నం పెట్టింది. అన్నయ్య మాత్రం ముందు గది గుమ్మంలో నిలబడి, ఒక ప్లాను ప్రకారం చదవాలి, అదే నీకు లేంది, అన్నాడు. వాడూ ఆ ఏడు బ్యాంకు పరీక్ష తప్పాడు, వరసగా మూడోసారి. అప్పుడు ఇంట్లో అందరూ పోటీ ఎక్కువైందని అన్నారు. సెప్టెంబరులో మళ్ళీ కడతానంటే మిరప నాట్లున్నాయని నాన్న వద్దన్నాడు. ఒక్క పేపరు కోసం పన్నెండు నెలలు ఆగాను. టైము లేదనేది సోమరిపోతుల మాటట!

మళ్ళీ కల్లాలు వచ్చాయి, మళ్ళీ చీటీలు, మళ్ళీ తట్టలు. ఇంగ్లీషు ఒక్కటే కాబట్టి ఈసారి పిన్నికి పెద్ద చిక్కొచ్చిపడింది, అర్థం తెలియని మాటలు. అయినా వదల్లేదు, ఆ మోతను అలాగే పట్టుకుని అప్పగించమనేది. ఆ చలికాలంలోనే ఒకరోజు తట్ట కుమ్మరించి వచ్చి కూర్చుంటూ, నాకొకటి నేర్పుతావా అమ్మాయ్ అంది.

జరిగిందేమంటే, అంతకుముందు ఎండాకాలంలో కూతురికి నెలలు నిండాయని కబురొస్తే పిన్ని ఒక్కతే బయలుదేరి ఒంగోలు బస్టాండులో దిగింది. సింగరాయకొండ బస్సేది బాబూ అని ఎవరినో అడిగితే, వాడు నవ్వుతూ ఏదో బస్సు చూపించాడట. వేళాకోళానికి చేశాడో, వాడికీ చదువు రాదో తెలియదు. ఎక్కి కూర్చుని నిద్రపోయింది. లేచేసరికి పేరు కూడా తెలియని ఊళ్ళో దింపారు. తిరిగి తిరిగి కూతురి ఇల్లు చేరేసరికి మర్నాడు సాయంత్రమైంది. కాన్పు అయిపోయింది. అమ్మ రాలేదని కూతురు గోడవైపు తిరిగి పడుకుందట.

"నాకు చదువులేం వద్దు అమ్మాయ్. ఆ బస్సు బోర్డు మీద ఆ ఒక్క ఊరి పేరు ఎట్టుంటదో చూపించు చాలు. గుర్తు పెట్టుకుంటా."

సింగరాయకొండ. లెక్కపెట్టి చూడండి, ఆరు అక్షరాలు. గుండెకాయ నాలుగు గదులూ చెవితోనే పట్టుకున్న మనిషికి అది ఎన్ని తట్టల పని? ఒకటి. మహా అయితే రెండు. నేనేమన్నానో తెలుసా? పరీక్షలు కానీ పిన్నీ, ఇప్పుడు తీరికలేదు అన్నాను. నిజంగానే లేదనుకున్నాను. తట్టకో పాఠం కదా, ఒక తట్ట పోతే ఒక చీటీ వెనకబడుతుందని. మరిచిపోకుండా నా పుస్తకం వెనక అట్ట మీద, చేయవలసిన పనుల కింద రాసుకున్నాను కూడా: పిన్నికి ఊరి పేరు. అలాగేలే, తొందరేముంది అని ఆవిడ తాలుకాయలు ఏరుకుంది.

పరీక్ష రోజు మళ్ళీ మబ్బు. నమ్మండి, నమ్మకపోండి. నాన్న మళ్ళీ కేక వేశాడు, నేను అలవాటుగా కొంగు దోపుకుని కల్లంలోకి వెళ్ళాను. పిన్ని చేతులు చాచి నాకు అడ్డం నిలబడింది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆ పిల్ల చెయ్యి ఇయ్యాల కాయ మీద పడిందా, మేం అందరం లేచిపోతాం. వానలో మీ కాయ మీరే ఎత్తుకోండి. లోపల మీ అబ్బాయి ఉండాడుగా, ఆయనకు చేతుల్లేవా?"

వరసలో ఉన్న పదకొండు మంది ఆడవాళ్ళూ తట్టలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. నిండు కల్లాల రోజుల్లో, మబ్బు నెత్తిన పెట్టుకుని, రోజు కూలి పోతుందని తెలిసి. నాన్న మొహం కందగడ్డ అయింది. ఏమనుకున్నాడో, ముందు గదివైపు తిరిగి ఒరేయ్ అని పిలిచాడు. అన్నయ్య ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, రెండు పారలు ఎత్తాడో లేదో తుమ్ములు మొదలుపెట్టాడు. ఆ తుమ్ములు నాకు బస్సు దాకా వినపడ్డాయి. అంత హాయిగా నేను ఎప్పుడూ బస్సెక్కలేదు. పిన్ని నా కొంగున కొబ్బరినూనెలో ముంచిన గుడ్డ పీలిక కూడా ముడివేసి పంపింది, ఎందుకైనా మంచిదని.

పాసయ్యాను. తర్వాత ఇంటరూ అలాగే కట్టాను, ట్రైనింగూ అయింది, ఎనభైలు గడవకముందే ఉద్యోగమూ వచ్చింది. ఎడమ చేతికి గడియారం పెట్టుకున్నాను. ఈ మధ్యలో ప్రతి ఏడూ నాకొక కొత్త నోటు పుస్తకం, ప్రతి పుస్తకంలో చేయవలసిన పనుల పట్టిక. పాత పుస్తకంలో మిగిలినవి కొత్తదాంట్లోకి ఎక్కించుకోవడం నాకు అలవాటు, క్రమశిక్షణ గల మనిషిని కదా! పిన్నికి ఊరి పేరు అన్న పంక్తిని నేను కనీసం ఆరు పుస్తకాల్లోకి మంచి దస్తూరీతో ఎక్కించాను. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఆవిడ నవ్వుతూ, మరి నా ఊరి పేరో అనేది. ఈసారి వచ్చినప్పుడు పిన్నీ అనేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఆవిడ అడగడం మానేశాక నా పట్టికలోంచి ఆ పంక్తి ఎప్పుడు జారిపోయిందో నాకు గుర్తులేదు.

చాలా ఏళ్ళకు, అమ్మ పోయినప్పుడు ఊరెళితే పిన్ని వచ్చి నా పక్కన కూర్చుంది. బాగా వంగిపోయింది. మాటల్లో కూతురు ఎలా ఉందని అడిగాను. బాగానే ఉంది అంది. ఆ బస్సు సంగతి అయినప్పట్నుంచీ ఒక్కతే ఎప్పుడూ వెళ్ళలేదట. అల్లుడు వచ్చి తీసుకెళితే ఏడాదికొకసారి. తర్వాత కూతురికి ఇంకా రెండు కాన్పులయ్యాయి, రెండింటికీ ఈవిడ లేదు. నీకు తీరిక లేకపాయె, ఏం చేస్తాం అమ్మాయ్, అంది. కోపంగా అన్నా బాగుండేది. నా నెత్తిన ఒక్కటి మొట్టినా బాగుండేది. మామూలుగా, చెయ్యి నిమురుతూ అంది.

నేను అక్కడే నేల మీద పుల్లతో సిం అని రాయబోయాను. ఆవిడ నవ్వేసింది.

"ఇప్పుడెందుకులే. కంటికి పొరలొచ్చినై. ఏడవబాక, మీ అమ్మ కబుర్లు చెప్పుకుందాం రా."

ముప్పై ఏళ్ళకు పైగా నేను ఎందరి పిల్లలకు అక్షరాలు దిద్దించానో! జిల్లా నలుమూలలా నా చేతి అక్షరం ఉంది. నా చదువును నిలబెట్టిన మనిషికి మాత్రం ఆరు అక్షరాలు ఇవ్వలేకపోయాను. అన్నయ్య మీద నాకు ఈనాటికీ కోపమే, వాడు ఇప్పుడు ఫోన్లో, మా చెల్లెలు స్వయంకృషితో పైకొచ్చిందని అందరికీ గొప్పగా చెబుతుంటే ఒళ్ళు మండుతుంది. స్వయంకృషి అట! కానీ వాడు నా గంటలు తిన్నాడని అరిచే నేను, పిన్ని గంటలు తిన్నాను. వాడు కనీసం కాఫీ తాగుతూ తిన్నాడు, నేను పుస్తకంలో రాసుకుని మరీ తిన్నాను.

ఇప్పుడు మా ఊళ్ళో ఆడపిల్లలకు ముందు గది ఉంది, ఫ్యానూ ఉంది. కాయ చాలావరకు కల్లం నుంచి నేరుగా శీతల గిడ్డంగులకు పోతోంది. ఏ బస్సు ఎక్కడికి పోతుందో ఫోనే గొంతెత్తి చెబుతోంది. అన్నీ మారినందుకు నాకు సంతోషమే. పిన్ని పోయి నాలుగేళ్ళయింది. వచ్చే ఆదివారం ఆ తెల్ల చొక్కా అబ్బాయి మళ్ళీ వస్తాడట. వెళతాను. నీ ఇరవై నాలుగు గంటల్లో ఎవరెవరివి ఉన్నాయి నాయనా, మీ ఇంట్లో నీ చొక్కా ఉతికేదెవరు, అని అందరి ముందూ అడుగుతాను. మనవరాలు సిగ్గుపడితే పడనీ.

వాళ్ళిచ్చిన పుస్తకం పొద్దున తీశాను. లక్ష్యం దగ్గర ఏమీ రాయలేదు, చేయవలసిన పనుల దగ్గరా రాయలేదు. అడుగున రేపటికి మిగిలినవి అన్న గీత మీద మాత్రం ఆ ఊరి పేరు రాశాను. నా దస్తూరీ సన్నంగా ఉంటుంది. ఇది మాత్రం పేజీ చాలనంత పెద్దగా, బస్సు బోర్డు మీద రాసినట్టు రాశాను.